నక్షా సార్ చెప్పిన మాట

ఛత్రినాక మార్కెట్ వీధిలో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీద ఒక గది ఉంది. ఇరవై ఆరేళ్ళు ఆ గదిలో కూర్చుని శ్రీరామమూర్తి ఇళ్ళ ప్లాన్లు గీశాడు. పెద్ద ఇళ్ళేమీ కావు. అరవై గజాలు, ఎనభై గజాలు, మహా అయితే నూట పది. ఒక గోడ పక్కింటివాళ్ళది, ఇంకో గోడ మీద అన్నదమ్ముల తగువు, మెట్లు వేస్తే గది మిగలదు, గది వేస్తే మెట్లకు చోటుండదు. అలాంటి స్థలంలో నలుగురు నడుం వాల్చే చోటు తియ్యడం ఆయన విద్య.

ఆయనది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, పెళ్ళైన కొత్తలో సీతారావమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాడు. మొదట అబిడ్స్‌లో ఒక ఇంజనీరు దగ్గర ట్రేసింగు పని. తర్వాత సొంతంగా లైసెన్సు తెచ్చుకుని ఛత్రినాకలో బోర్డు పెట్టాడు. బోర్డు మీద ఆయన పేరు ఉన్నా దాన్ని చదివినవాళ్ళు తక్కువే. ఈ వైపు ఇంటి ప్లానును నక్షా అంటారు. అందుకని ఆయన నక్షా సార్ అయ్యాడు. కొన్నాళ్ళకు సీతారావమ్మను కూరగాయలవాళ్ళు సైతం "నక్షా సార్ ఇంటామె" అనడం మొదలుపెట్టారు.

మనిషి మితభాషి. ఎవరింటికి వెళ్ళినా ముందు చెప్పులు విప్పి, గోడలను వేళ్ళ కణుపులతో కొట్టి చూసేవాడు. ఆ చప్పుడును బట్టి లోపల రాయి ఉందో, ఇటుక ఉందో, ఉత్త మన్నే ఉందో చెప్పేవాడు. కాని పని ఒప్పుకునేవాడు కాడు. ఒప్పుకున్నది మధ్యలో వదిలేవాడు కాడు. గౌలిపురలో, లాల్‌దర్వాజలో జనం ఆయన నోటిమాటను కాగితం కింద లెక్కేసుకునేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పైకి అనకపోయినా లోపల దానికి కొంచెం గర్వపడేవాడు.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన వారానికి గుండయ్య మెట్లెక్కి వచ్చాడు.

గుండయ్యకు ఉస్మాన్‌గంజ్‌లో గోనెసంచుల దుకాణం. మిర్చి వ్యాపారులు వాడి పారేసిన సంచులు కొని, చిరిగినవి కుట్టించి, మళ్ళీ వాళ్ళకే అమ్ముతాడు. తాతల కాలం నుంచీ వాళ్ళ కుటుంబం గౌలిపురలోనే, తొంభై రెండు గజాల ఇంట్లో ఉంటోంది. వెనక భాగంలో తండ్రి కట్టిన ఒక గది, వంటిల్లు, వాటికి స్లాబు. ముందు భాగంలో తాత కట్టిన రెండు గదులు, వాటికి టేకు దూలాలు, పైన పెంకులు. దూలాలకు చెదలు పట్టి చాలా కాలమైంది.

"పోయిన వానకాలం పైకప్పు దంతె ఇరిగి మంచం మీద వడ్డది సార్. మా స్రవ్య స్కూల్ల ఉండె గాబట్టి బతికింది," అన్నాడు గుండయ్య. "ఇంకో వానకాలం గా ఇంట్ల పిల్లలను పండవెట్టుడు నాతోని గాదు. ముంగట రెండు రూములు తీసేసి కొత్తగ లేపుదమని సూస్తున్న."

మర్నాడు పొద్దున్నే శ్రీరామమూర్తి టేపు పట్టుకుని వెళ్ళాడు. గుండయ్య భార్య విమలాదేవి ఆయన కొలతలు తీస్తున్నంతసేపూ వెంటే తిరిగింది. గలగలా మాట్లాడే మనిషి.

"మీరేం గీసినా గీయండ్రి సార్. వంటింటికి మాత్రం ఒక్క కిటికి వెట్టండ్రి. ఇరవై ఏండ్ల సంది పొగ మింగుతున్న. మా ఆయనకు చెప్తే, పొగ రాకుంట వండు అంటడు."

"రెండు కిటికీలు పెడతానమ్మా," అన్నాడు శ్రీరామమూర్తి నవ్వి.

ఎడంవైపు గోడ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగింది. ఆ గోడ గుండయ్యది కాదు, పక్కింటి కాశమ్మది. డెబ్భై దాటిన ముసలామె. రెండు బర్రెలను పెట్టుకుని, గల్లీలో పాలు పోసి బతుకుతోంది. ఆమె ఇంటి కప్పు ఒకవైపు, గుండయ్య ఇంటి దూలాలు ఇంకోవైపు ఆ గోడ మీద ఆనుకుని, తొంభై ఏళ్ళుగా దాన్ని అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచాయి. వేళ్ళతో కొడితే చప్పుడు రాలేదు. లోపల మన్ను. ఇల్లు తీసేస్తే ఇటువైపు ఆసరా పోతుంది. మన్నుకు వాన తగలకూడదు. ఆ మాట ఆయన తన నోటుబుక్కులో రాసుకున్నాడు కూడా: కొత్త గోడ ముందు ఈ పక్కనే లేపాలి, మొదటి నెలలోనే.

కాశమ్మ గడప దగ్గర నిలబడి అడిగింది. "బాపూ, వీళ్ళిల్లు తీస్తే నా గోడకేం గాదు గద?"

"ఏం కాదు అవ్వా. వీళ్ళ కొత్త గోడ దాన్ని ఆనుకునే లేస్తుంది. ముందుకంటే గట్టిగా ఉంటుంది."

అప్పటికి అది నిజమే.

కూల్చుకోవడానికి అనుమతి వారంలో వచ్చేసింది. కట్టుకోవడానికి వేరే అనుమతి రావాలి. శ్రీరామమూర్తి దానికీ దరఖాస్తు పెట్టాడు. ఇంతలో మేస్త్రి తొందరపెట్టాడు. ఉగాదికి ముందే మొదలుపెట్టకపోతే వేరే పని ఒప్పుకుంటానన్నాడు. గుండయ్య మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు.

"పడగొట్టేయండి," అన్నాడు శ్రీరామమూర్తి. "రెండో కాగితం పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది. ఇప్పటిదాకా ఎన్ని ఇళ్ళకు తెచ్చానో నాకే గుర్తులేదు. పదహారో రోజు ఎప్పుడూ దాటలేదు. వానల నాటికి స్లాబు పడాలంటే ఇప్పుడే మొదలెట్టాలి."

"కాగితం రాకముందే అంటున్నరు. ఏం ఫికర్ లేదు గద సార్?"

"నాది పూచీ."

ఆ రెండు ముక్కలూ ఆయన కంప్యూటరు వంకే చూస్తూ అన్నాడు.

ఉగాదికి వారం ఉందనగా ముందు గదులు రెండూ నేలమట్టమయ్యాయి. భార్యాభర్తలు, పిల్లలు స్రవ్య, వరుణ్, నలుగురూ వెనక గదిలోకి, వంటింట్లోకి సర్దుకున్నారు. వంటిల్లు పిల్లలు పడుకునే గదయింది. విమలాదేవి కాశమ్మ గోడకు నాలుగు రేకులు ఆనించి, దాని కింద గ్యాసు పొయ్యి పెట్టుకుంది. ఎన్నాళ్ళులే, మూడు నెలలు అనుకుంది.

తొమ్మిదో రోజు శ్రీరామమూర్తి కంప్యూటరు తెరిచి చూస్తే దరఖాస్తు పక్కన "నిలుపుదల" అని ఉంది. పొరపాటు పడ్డాననుకుని మళ్ళీ తెరిచాడు. ఆయన పెట్టిన ఏడు దరఖాస్తులకూ అదే మాట.

ఆఫీసుకు వెళితే అప్పటికే వరండా నిండా జనం. ప్లానింగు విభాగంలో రఘురామ్ అని ఒక యువకుడున్నాడు. మర్యాదస్తుడు. శ్రీరామమూర్తిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఉత్తర్వు చూపించాడు. పాతబస్తీలో కొన్ని పేటలను సమగ్రంగా పరిశీలించాలని నిర్ణయమైంది. గల్లీల వెడల్పెంత, మురుగుకాలువలు ఎంతమందిని మోస్తాయి, పాత కట్టడాలు ఎన్ని, ఎక్కడ ఎన్ని అంతస్తులు లేచాయి, అన్నీ చూసి కొత్త నిబంధనలు రాస్తారు. అంతవరకూ ఇళ్ళకు కొత్త అనుమతులు ఇవ్వరు. గడువు తొంభై రోజులు.

పరిశీలన చెడ్డదని శ్రీరామమూర్తి అనుకోలేదు. ఫైరింజను దూరని గల్లీలో ఐదంతస్తులు లేపినవాళ్ళను ఆయన చూశాడు. ఎవరో ఒకరు ఆపితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాడు కూడా.

"మరి ఇప్పటికే పడగొట్టుకున్నవాళ్ళ సంగతేంటి సార్?"

రఘురామ్ ఉత్తర్వును మళ్ళీ ఒకసారి కిందికీ పైకీ చూశాడు. "దీంట్లో ఆ మాట లేదు మూర్తిగారూ. పైకి రాస్తాను. తొంభై రోజులే కదా."

ఆ సాయంత్రం శ్రీరామమూర్తి గౌలిపుర వెళ్ళి చెప్పాడు. గుండయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. విమలాదేవే మాట్లాడింది.

"తొంభై దినాలంటే ఆషాఢం వస్తది సార్. వానలు వడవా?"

"పైకి రాస్తానన్నాడమ్మా. ఈలోపే వదిలేస్తారేమో. నేను రోజూ వెళ్ళి అడుగుతాను."

నిజంగానే రోజూ వెళ్ళాడు. పొద్దున టిఫిను తిని బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళడం, వరండాలో కూర్చోవడం, ఏమీ లేదనిపించుకుని రావడం. గదిలో పనేమీ లేదు. పటాలు గీసే చేతికి ఊరికే కూర్చోవడం చేతకాక, ఆయన గుండయ్య ఇంటి ప్లానునే మూడుసార్లు తిరగగీశాడు. సీతారావమ్మ చూసి, "ఏమండీ, అది ఎన్నిసార్లు గీస్తే అంత తొందరగా వస్తుందా?" అంది. ఎప్పుడూ అలాంటి మాటలకు నవ్వేవాడే, ఆ రోజు కసిరాడు.

మే నెలలో పరిశీలన చేసేవాళ్ళు గౌలిపుర వచ్చారు. ఎండలో గొడుగు వేసుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని అలేఖ్య అనే అమ్మాయి ఇల్లిల్లూ తిరిగింది. శ్రీరామమూర్తి ముందే వెళ్ళి గుండయ్య ఇంటి దగ్గర కాచుకున్నాడు. ఆ అమ్మాయి ముందు భాగం చూసి, ట్యాబు మీద ఏదో నొక్కింది.

"ఏం రాశారమ్మా?"

"ఖాళీ స్థలం అని సార్."

"ఖాళీ ఏంటమ్మా! ఇల్లు. మార్చిలో ఇల్లు. అదిగో గడప రాయి చూడండి."

విమలాదేవి రేకుల కింద నుంచి గరిటెతో బయటికి వచ్చింది. "నేనీడ వంట జేస్తున్న, నీకు ఖాళీ లెక్క కనవడుతున్ననా బిడ్డా?"

అలేఖ్య నొచ్చుకుంది. ఇల్లు, కూలిన ఇల్లు, ఖాళీ స్థలం, ఈ మూడే ఉన్నాయి తన ట్యాబులో. దాన్ని మార్చి "కూలిన ఇల్లు" అని పెట్టింది. శ్రీరామమూర్తి ఆమెను గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. సున్నం పెచ్చులూడి, దూలాలు లాగేసిన గుంటలు వరసగా ఎండకు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఈ గోడ సంగతి రాసుకోండమ్మా. వానలొస్తే నిలబడదు."

"దీంట్లో గోడలకు వేరే గడి లేదు సార్. కింద రిమార్కులలో రాస్తాను." రాసింది. రాసి ఆయనకు చూపించింది కూడా.

జూన్ మూడో వారంలో తొంభై రోజులు అయిపోయాయి. ఆఫీసు వరండాలో కొత్త కాగితం అంటించారు. పరిశీలన పూర్తి కాలేదు, ఇంకో తొంభై రోజులు.

అప్పటికే రెండు వానలు పడ్డాయి. గోడ కింది భాగం తడిసి రంగు మారింది. గుండయ్య ఆ ఆదివారం శ్రీరామమూర్తి ఇంటికే వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సార్, ఇల్లు వద్దు, రూములు వద్దు. గా గోడకు ఆనిచ్చి ఇటుకతోని ఒక్క గోడ, ఆరు ఫీట్లు లేపుకుంట. మేస్త్రిని మాట్లాడిన, రెండు దినాల పని. మీరు ఊఁ అనండ్రి చాలు."

శ్రీరామమూర్తికి అందులోని న్యాయం తెలుసు. ఆరడుగుల ఇటుక గోడ, మధ్యలో రెండు దిమ్మెలు ఉంటే చాలు. పాత గోడ ఇటు పడదు. ఆ పని చెయ్యమని ఆయనే చెప్పాల్సింది. కానీ పది రోజుల కిందటే లాల్‌దర్వాజలో ఒకాయన మెట్లు కట్టుకుంటే, నిలుపుదల కాలంలో పని చేశాడని మెట్లు కూల్చేసి, ప్లాను మీద సంతకం పెట్టినతని లైసెన్సు ఆపేశారు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన దగ్గర ఆ లైసెన్సు తప్ప ఇంకేమీ లేదు.

"ఒక్క మాట రఘురామ్ గారిని అడిగి చెబుతానండీ," అన్నాడు. "రాతమూలకంగా ఇప్పిస్తాను."

"అడిగితె వద్దంటరు సార్. అడగకుంట జేస్తె అయితది."

"మీరు కడితే వాళ్ళొచ్చి కూల్చేస్తారు. మీ ఫైలు మీద మచ్చ పడుతుంది. రేపు అనుమతి కూడా రాదు. కొన్నాళ్ళు ఓపిక పట్టండి."

లోపలి భయాన్ని ఆయన చెప్పలేదు. చెప్పిన కారణం కూడా అబద్ధం కాదు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

గుండయ్య గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. "మీరెట్లంటె గట్లనే సార్," అని వెళ్ళిపోయాడు.

రఘురామ్‌ను కాగితం రాసి అడిగాడు. ఒక్కరికి ఇస్తే నలభై మందికి ఇవ్వాలన్నాడు రఘురామ్. కట్టెలు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్నాడు, అది నిర్మాణం కిందికి రాదు. శ్రీరామమూర్తి తానే దగ్గరుండి ఐదు సరుగుడు కట్టెలు గోడకు ఏటవాలుగా పోటు పెట్టించాడు. పైనుంచి నీలం తాడ్పత్రి పట్టా కప్పించాడు. విమలాదేవితో రేకులు అక్కడి నుంచి తీసేయమన్నాడు.

"తీసి యాడ వెట్టాలె సార్? అటు బాత్రూం, ఇటు గల్లీ."

ఆయన చుట్టూ చూశాడు. ఎక్కడ పెట్టాలో ఆయనకూ తోచలేదు.

బోనాల ఆదివారం పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. విమలాదేవి తడుస్తూనే బోనం ఎత్తుకుని అమ్మవారి గుడికి వెళ్ళొచ్చింది. సోమవారమూ వాన. మంగళవారం తెల్లవారేసరికి వెలిసింది, ఎండ కాసింది. గల్లీలో అందరూ తడిసిన బట్టలు బయట ఆరేశారు. గుండయ్య దుకాణానికి వెళ్ళాడు. స్రవ్య, వరుణ్ స్కూలుకు వెళ్ళారు. తొమ్మిదిన్నరకు విమలాదేవి రేకుల కింద పప్పు పెట్టుకుని కూర్చుంది.

నీళ్ళు తాగి బరువెక్కిన మన్ను గోడ వానలో నిలబడుతుంది, వాన వెలిశాక కూలుతుంది. ఆ సంగతి శ్రీరామమూర్తికి చదువుకున్న రోజుల నుంచీ తెలుసు.

కాశమ్మ బర్రెకు కుడితి పెట్టి లోపలికి వస్తుంటే, ఎదుట ఆకాశం కనబడిందట. ముందు చప్పుడు వినలేదట. గోడ ఉండాల్సిన చోట వెలుతురు చూసి, ఇల్లు మారి వచ్చానేమో అనుకుందట. తర్వాత ఎప్పుడో ఆమె శ్రీరామమూర్తికి చెప్పింది.

ఆయనకు ఫోను వచ్చేసరికి పది. ఆటో దిగి గల్లీలోకి పరుగెత్తాడు. అప్పటికే పాతిక మంది మట్టి తోడుతున్నారు. "ధీరే, ధీరే! పత్థర్ మత్ ఖీంచో," అని ఎదురింటి భాయ్ ఎవరో, మెల్లగా తియ్యమని, రాళ్ళు లాగొద్దని అరుస్తున్నాడు. పారలు వాడితే తగులుతుందని చేతులతోనే తీస్తున్నారు. శ్రీరామమూర్తి చొక్కా చేతులు మడిచి వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మన్ను ఇంకా వెచ్చగా, తడిగా ఉంది. ముందు రేకు వంగి కనబడింది. తర్వాత పప్పు గిన్నె. ఆ తర్వాత ఆమె చెయ్యి.

ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ, అది కాగితం కోసమే.

గుండయ్య ఉస్మాన్‌గంజ్ నుంచి వచ్చి మట్టికుప్ప ముందు నిలబడ్డాడు. ఏడవలేదు. "పిల్లలు రెండున్నరకొస్తరు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "ఎవలన్న స్కూలుకాడికి పోయి ఆపండ్రి."

మధ్యాహ్నం ఆఫీసువాళ్ళు, పోలీసులు వచ్చారు. రఘురామ్ ముఖం పాలిపోయి ఉంది. అతని పై అధికారి ఒకాయన చుట్టూ చూసి అడిగాడు. "కట్టడానికి పర్మిషన్ రాకుండా ఇల్లు ఎందుకు కూల్చారు? ఎవరు కూల్చమన్నారు?"

శ్రీరామమూర్తి గుండయ్యకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. చేతులకు ఇంకా మన్ను ఉంది.

"నేనే కూలగొట్టిన," అన్నాడు గుండయ్య. "ఎవ్వలు చెప్పలే. మీరు కూలగొట్టుకోమని కాయితమిచ్చిండ్రు, కూలగొట్టిన. కట్టుకోమని ఇయ్యలే, కట్టుకోలే. నాకు నాలుగు నెల్లు మీరేం జెప్పిండ్రో గది చెప్పుండ్రి."

అధికారి రఘురామ్ వైపు తిరిగాడు. శ్రీరామమూర్తి నోరు విప్పలేదు. గుండయ్య తన వైపు ఒక్కసారి కూడా చూడలేదని మాత్రం గమనించాడు.

పదకొండు రోజులు ఆయన సరిగా అన్నం తినలేదు. సీతారావమ్మ అడిగి అడిగి ఊరుకుంది. పన్నెండో రోజు తానే చెప్పాడు.

"నేనే చెప్పాను సీతా, పడగొట్టమని. పూచీ నాదన్నాను. గోడ లేపుకుంటానంటే ఆపిందీ నేనే. ఆయన నా పేరు చెప్పలేదు."

సీతారావమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. "ఏం చేద్దామనుకుంటున్నారు?"

"రాసిచ్చేస్తాను."

"రాస్తే ఆవిడ తిరిగి రాదుగా."

"రాదు. కానీ నేను రేపు ఇంకొకళ్ళ గోడ తట్టి చూసి, ఏం ఫర్వాలేదని ఎలా చెప్పను?"

మర్నాడు ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తీసి మంచం మీద పెట్టింది.

రఘురామ్ ఆ కాగితం చదివి తిరిగి ఇవ్వబోయాడు. "ఎందుకండీ ఇది? ఆయనే మీ పేరు చెప్పలేదు. మిమ్మల్ని ఎవరూ అడగట్లేదు."

"అడగకపోయినా నిజమే కదండీ. తీసుకోండి."

రఘురామ్ తీసుకున్నాడు. ముద్ర వేసి నకలు ఇచ్చాడు. ఆఫీసు మెట్లు దిగుతుంటే శ్రీరామమూర్తికి చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా అందింది.

ఆ ఊరట ఆరు వారాలు నిలిచింది.

వినాయక నిమజ్జనం అయిన వారానికి విచారణ నివేదిక వచ్చింది. అనుమతి రాకముందే కూల్చమని లైసెన్సు పొందిన వ్యక్తి తప్పుడు సలహా ఇచ్చినందువల్ల, పక్కింటి గోడకు తగిన రక్షణ చూపనందువల్ల ప్రమాదం జరిగింది. సదరు వ్యక్తి స్వయంగా ఒప్పుకున్నాడు. నిలుపుదల ఉత్తర్వుకు, ప్రమాదానికి సంబంధం లేదు. శ్రీరామమూర్తి లైసెన్సు ఐదేళ్ళు రద్దు. ఫైలు మూసేశారు.

లైసెన్సు పోవడం ఆయన ఎదురుచూసిందే. నిలుపుదలకు సంబంధం లేదన్న వాక్యం మాత్రం నిలబడి మళ్ళీ చదివాడు. మళ్ళీ చదివినా అదే ఉంది.

గుండయ్య పిల్లలతో అప్పటికే ఛత్రినాకలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. శ్రీరామమూర్తి అక్కడికి వెళ్ళాడు. గుండయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి, తలుపు వెనక్కి లాగి బయటే నిలబడ్డాడు.

"మీరెందుకు రాసిచ్చిండ్రు సార్?"

"నా తప్పు నేను..."

"మీ తప్పు నాకు ఎర్కలేదా? నేనెందుకు మీ పేరు చెప్పలేదో మీకు సమజ్ గాలేదా?" గొంతు పెంచలేదు. లోపల పిల్లలు చదువుకుంటున్నారు. "మీ మీద ప్రేమతోని అనుకున్నరా? మీ పేరు చెప్తే మీ ఒక్కరి మీద వెట్టి చేతులు దులుపుకుంటరని చెప్పలే. నాలుగు నెల్లు ఆపినోళ్ళు ఒక్కరన్న జవాబు చెప్పాలె అనుకున్న. కోర్టుకు పోదమని వకీలును గూడ మాట్లాడిన. ఇప్పుడు మీ కాయితం సూపిచ్చి, కేసు లేదు పో అంటున్నరు."

శ్రీరామమూర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీకు నిద్ర వట్టెతందుకు రాసుకున్నరు సార్," అన్నాడు గుండయ్య. "నన్ను ఒక్కమాట అడిగితె ఏం పోయె?"

నిజమే, అడగలేదు. పడగొట్టమన్నప్పుడు గుండయ్య ఇంట్లోవాళ్ళను అడగలేదు, ఆగమన్నప్పుడు అడగలేదు, ఒప్పుకునేటప్పుడూ అడగలేదు. అన్నిసార్లూ తానే నిర్ణయించాడు. మంచివాడినన్న ధీమాతో నిర్ణయించాడు.

శ్రీరామమూర్తి వకీలు దగ్గరికి వెళ్ళాడు. గోడ లేపుకోవడానికి రాతమూలకంగా అడిగిన సంగతి, ఆఫీసు కాదన్న సంగతి, రిమార్కులలో రాయించిన సంగతి, అన్నీ మళ్ళీ రాసిచ్చాడు. వకీలు చదివి, ఇవి మొదటి కాగితంలో ఎందుకు లేవని అడిగాడు. తన తప్పు చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ తప్పు చెబితే తప్పించుకున్నట్టుంటుందని రాయలేదన్నాడు ఆయన. వకీలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కేసు వేశారు. అది ఇంకా నడుస్తోంది.

నిలుపుదల మరోసారి పొడిగించి, సంక్రాంతి వెళ్ళాక ఎత్తేశారు. కొత్త నిబంధన ప్రకారం అంత సన్నటి గల్లీలో ముందు వైపు ఐదడుగులు వదలాలి. గుండయ్య అనుకున్న రెండు గదుల్లో ఒకటే పడుతుంది. ఆయన కట్టలేదు. స్థలం చుట్టూ రేకులు పాతి తాళం వేశాడు. కాశమ్మ ఇల్లు అప్పటికి సగం వంగిపోయింది. బర్రెలను అమ్ముకుని షాద్‌నగర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు శ్రీరామమూర్తి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగి, "లే బాపు, నాకేం జేసినవ్. గోడ పోయింది, గంతే," అంది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

ఇప్పుడు శ్రీరామమూర్తి సైదాబాద్‌లో ఒక కుర్ర ఇంజనీరు దగ్గర కంప్యూటరు మీద గీతలు గీస్తాడు. సంతకం అతనిది. ఎవరైనా వచ్చి ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే లోపలి గదివైపు చెయ్యి చూపిస్తాడు.

ఈ మధ్య ఒక శనివారం ఉస్మాన్‌గంజ్ వెళ్ళాడు. గుండయ్య గోనెసంచుల గుట్ట ముందు కూర్చుని చిరుగులు చూసి వేరుచేస్తున్నాడు. ఆయన్ని చూసి స్టూలు జరిపాడు. టీ తెప్పించాడు. స్రవ్య పదో తరగతి పరీక్షలు రాస్తోందని, వరుణ్ మాట్లాడటం తగ్గించాడని చెప్పాడు. హమాలీలు బస్తాలు దించుతుంటే మిర్చి ఘాటుకు ఇద్దరూ దగ్గారు. టీ అయ్యాక గుండయ్య గ్లాసు కింద పెట్టాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. మీరింక రావద్దు. మీరొచ్చిన దినం నేను ఇంటికి పోయి పిల్లలతోని మంచిగ మాట్లాడలేక పోతున్న."

"సరేనండీ," అన్నాడు శ్రీరామమూర్తి. లేచి నిలబడి, ఇంకేదో అనాలనుకున్నాడు గానీ, గుండయ్య అప్పటికే ఇంకో సంచి మీదికి లాక్కుని వెలుగుకేసి పట్టుకుని చూస్తున్నాడు.

ఆయన తోపుడుబళ్ళ మధ్య నుంచి రోడ్డు మీదికి వచ్చాడు. బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. మూసీ దాటి, శాలిబండ మీదుగా, ఎండలో ఛత్రినాకలో ఇంటి దాకా నడిచే వెళ్ళాడు.